రంగు అక్కర్లేని కంచె

మా మరిదిని నేను మొదటిసారి చూసింది ఒక తగాదాలో. అందులో అతను గెలిచాడు. ఆ గెలుపు చూసి మురిసిపోయి, మా చెల్లెల్ని ఇతనికిస్తే బాగుంటుందని ఇంట్లో మొదట నోరు విప్పింది నేనే. ఆ సంగతి మా చెల్లెలు ముప్ఫై ఒక్క ఏళ్లుగా మరిచిపోలేదు. నన్ను మరిచిపోనివ్వలేదు.

అప్పుడు నేను ఆసుపత్రిలో బట్టల గదిలో కుట్టుపని చేసేదాన్ని. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లకు ఊడిన గుండీలు, అన్నీ నా మిషను మీదుగా పోవలసిందే. మా గది తలుపులకు వేసిన రంగు మూడు నెలలు తిరక్కముందే పొక్కులు లేచి ఊడిపోయింది. సూపరింటెండెంటుగారు రంగు వేసిన మనిషిని పిలిపించి, మా అందరి ముందూ నిలబెట్టి, దులపడం మొదలుపెట్టాడు. ఆ మనిషికి అప్పుడు పాతికేళ్లు కూడా ఉండవు. చెవి మీద పెన్సిలు, మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు. అన్న మాటలన్నీ విన్నాడు. విని, తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, ఊడిన పెచ్చు ఒకటి తీసి వాసన చూశాడు.

"రంగు తప్పు చేయదండి. మనుషులు చేస్తారు. ముందు మీరేం చేశారో చెప్పండి," అన్నాడు.

"తలుపుని నేనేం చేస్తానయ్యా?"

"మీరు చేయలేదు సార్, చేయించారు. దేంతో కడిగించారు?"

సూపరింటెండెంటుగారు మా వైపు చూశాడు. మేమందరం నేల వైపు చూశాం. పై అధికారులు తనిఖీకి వస్తున్నారంటే చాలు, మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో తలుపులు కూడా తోమించేది ఆయనే. ఆ మాట ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. ఆ పెద్దమనిషి రెండుసార్లు దగ్గి, మిగిలిన వార్డుల తలుపులకు కూడా నువ్వే రంగు వెయ్యి అని వెళ్లిపోయాడు. తిట్టడానికి పిలిచి పని అప్పగించి పోయిన అధికారిని నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

తగాదాల్లో గెలిచేవాడు ఇంటికొచ్చి కూడా గెలుస్తూనే ఉంటాడని నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఆ రోజు ఇంటికెళ్లి నోరు మూసుకుని అన్నం తినేదాన్ని.

రంగులవాళ్లలో అతన్ని లప్పం మేస్త్రి అంటారు. రంగు వేసే ముందు చెక్కలో పగుళ్లు, మేకుల గుంటలు పూడ్చడానికి పెట్టే మెత్తని ముద్దే లప్పం. మిగతావాళ్లు దాన్ని కొట్లో కొనుక్కుంటారు. మా మరిది సొంతంగా కలుపుతాడు. అందులో ఏమేం వేస్తాడో ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. రెండు రకాల ముద్దలు కలిపి పిసికి పెడితే, గంటలో రాయైపోతుంది. ఇక తలుపు పోతుంది కానీ లప్పం పోదు. ఎక్కడ సందు కనపడినా అతనికి చెయ్యి ఆగదు. మా ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన రోజున కూడా పిల్ల వంక చూసే ముందు ద్వారబంధానికీ గోడకూ మధ్య సందు వంక చూశాడు. మా చెల్లెలికి ముందు పళ్ల మధ్య కాస్త ఖాళీ ఉంది. పెళ్లయిన కొత్తలో అది నవ్వినప్పుడల్లా అతను ఆ ఖాళీ వైపు చూసే చూపు నాకు తెలుసు. ఏదో ఒకరోజు నిద్రలో పూడ్చేస్తాడేమోనని నాకు భయంగా ఉండేది.

మా చెల్లెలు మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. కొమ్మలు అంటు కట్టడం, నారు సంచుల్లోకి మార్చడం దాని పని. ముప్ఫై ఏళ్లు వాళ్లు మేడ మీద అద్దె గదుల్లోనే ఉన్నారు. నేల అన్నది లేదు. మొగుడు ఖాళీ చేసిన రంగు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, వాటిలో కంచె మొక్కలు పెంచింది. చిన్న చిన్న ఆకులు, కత్తిరించిన కొద్దీ గుబురుగా పెరిగే రకం. సొంత ఇల్లు కట్టుకున్నాక చుట్టూ ఆ మొక్కలతో కంచె వేసుకోవాలని దాని కోరిక. నగ అడగలేదు, చీర అడగలేదు. నడుమెత్తు పచ్చటి గోడ అడిగింది. ఇల్లు కట్టడం మొదలయ్యేసరికి డబ్బాలు ముప్ఫై ఆరు అయ్యాయి.

ఇల్లు కట్టింది నా ఇంటి పక్కనే. ఊరి చివర, ఇంకా సగం స్థలాలు ఖాళీగా ఉన్న కొత్త వీధి. పక్క స్థలం అమ్మకానికుందని చెప్పింది కూడా నేనే. అంత జరిగినా నా నోటికి బుద్ధి రాలేదు.

గోడలు లేచాయి, లోపల రంగులు అతనే వేసుకున్నాడు. వంకపెట్టడానికి లేదు, అద్దంలా వేశాడు. కంచె దగ్గరికొచ్చేసరికి మాత్రం అడ్డం తిరిగాడు. ముప్ఫై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల గేట్లకీ, కటకటాలకీ, చెక్క కంచెలకీ ఉప్పుకాగితం అరగదీసిన మనిషి.

"నా ఇంటికి నేను కూలికి పోను," అన్నాడు. "చెక్కయితే చెద. ఇనుమైతే తుప్పు. రెండేళ్లకోసారి గీకడం, లప్పం పెట్టడం, రుద్దడం, వెయ్యడం. ఇంక నా వల్ల కాదు. పీవీసీ కంచె వేయిస్తున్నా. ఒకసారి నిలబెడితే మళ్లీ దాని మొహం చూడక్కర్లేదు."

"మొక్కలకి రంగు వెయ్యరండీ," అంది మా చెల్లెలు.

"వెయ్యరు. కానీ నీళ్లు పొయ్యాలి, కత్తిరించాలి, పురుగు చూడాలి. మనం ముసలివాళ్లం కావట్లేదా?"

"నీళ్లు నేను పోస్తా. కత్తిరించేది నేను. మీరు కుర్చీ వేసుకుని చూడండి."

"నువ్వు పనిచేస్తుంటే నేను కుర్చీలో కూర్చుంటే వీధిలోవాళ్లు ఏమంటారు?"

ఇదీ అతను గెలిచే పద్ధతి. ఏ మాటన్నా తిరిగొచ్చి ఎదటివాళ్లే తనకు అన్యాయం చేస్తున్నట్టు తేలుతుంది.

పీవీసీ కంచెలు అమ్మే దుకాణానికి ముగ్గురం వెళ్లాం. లోపల చల్లగా, సబ్బు వాసనతో, కొత్త బకెట్లు అమ్మేచోటులా ఉంది. కంచె ముక్కలు వరసగా నిలబెట్టారు. అన్నీ తెల్లవే. అమ్మే అమ్మాయి ఒక సీసాలోంచి సిరా తీసి తెల్లటి పలక మీద ధారగా పోసింది. మా మరిది గుండె పట్టుకున్నాడు. ఆ అమ్మాయి తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. మచ్చ లేదు.

"తుడిస్తే చాలండి, మెయింటెనెన్స్ ఏమీ ఉండదు."

"ఎన్నేళ్లకోసారి రంగు వెయ్యాలి?"

"రంగే అక్కర్లేదండి."

"అది సరేనమ్మా. వేస్తే, ఎన్నేళ్లకి?"

"వెయ్యకూడదండి."

నమ్మలేదు. బొటనవేలి గోరుతో గీకాడు. ముక్కు ఆనించి వాసన చూశాడు. ఒక కన్ను మూసి పలక అంచు వెంబడి తుపాకీ గురిపెట్టినట్టు చూశాడు. చుట్టూ చూసి, ఎవరూ చూడట్లేదనుకుని నాలుకతో కూడా తాకాడు. నేను చూశాను. అతని మొహం మీద అప్పుడొచ్చిన వెలుగు పెళ్లిపీటల మీద కూడా రాలేదు.

మా చెల్లెలు కంచెలు చూడలేదు. మూలన కుండీలో ఉన్న మొక్క దగ్గరికెళ్లి, ఆకు రెండు వేళ్లతో పట్టుకుని, చటుక్కున వదిలేసింది.

"ఇదీ ప్లాస్టిక్కే," అంది నాతో.

"దానికి కూడా మెయింటెనెన్స్ ఉండదమ్మా," అంది ఆ అమ్మాయి, అదేదో శుభవార్త అన్నట్టు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దాని మౌనం అతనికి నచ్చదు. మౌనంతో తగాదా పడి గెలవలేడు కదా. ఇంటి గుమ్మం ఎక్కుతూ నా ముందే మాటిచ్చాడు.

"ఇదిగో, వదినే సాక్షి. ఈ కంచె నా బతుకులో చెడిందంటే, నా చేత్తోనే పీకేసి, నీ ముప్ఫై ఆరు డబ్బాలూ ఆ గుంటల్లో నాటుతా. చెడకపోతే ఇంక మొక్కల మాట ఎత్తకూడదు. సరేనా?"

"సరే," అంది మా చెల్లెలు. అంత తొందరగా ఒప్పుకుందంటే అది మొగుణ్ని నమ్మిందో, మొగుడి చేతిని నమ్మిందో నాకు తెలియలేదు.

చలికాలంలో ఫిట్టరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. మాట తక్కువ, కొలత ఎక్కువ. స్తంభాలు పాతి, రసమట్టం పెట్టి సరిచూసి, అడ్డ పట్టీలు బిగించాడు. ప్రతి పట్టీ చివరా స్తంభానికి ఆనకుండా వేలెడు ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ కనపడకుండా పైన ఒక తెల్ల మూత తొడిగాడు. వీధి వైపూ మా ఇంటి వైపూ కలిపి అలాంటి మూతలు ఇరవై రెండు.

మా మరిది రెండో మూత దగ్గరే ఆపాడు.

"ఈ సందేమిటయ్యా? కొలత తప్పిందా?"

"తప్పలేదు మేస్త్రిగారూ. కావాలనే వదిలాం. ఇది ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సాగడానికి చోటుండాలి. దీన్ని మీరు ముట్టుకోవద్దు."

"నీళ్లు దిగవూ?"

"దిగనివ్వండి. ఇది చెక్క కాదు, కుళ్లదు."

వెళ్లేముందు ఇంకో రెండుసార్లు చెప్పాడు. గ్యారంటీ కాగితం కూడా ఇచ్చి వెళ్లాడు. మా మరిది పది పాసయ్యాడు, కాగితాలు చదవడు. పని చేతకానివాళ్లే కాగితాలు చదువుతారని అతని లెక్క. నేను మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివాను. నాలుగో షరతు ఏమిటంటే, పట్టీల చివర వదిలిన ఖాళీలను ఏ పదార్థంతోనూ మూయరాదు.

వారం తిరిగింది. మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూత ఒకటి ఊడదీసి పక్కన పెట్టాడు. చేతిలో లప్పం లాగే రేకు, అరచేతిలో ముద్ద.

"మరిదీ, ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు వదినా."

"ఆ ఏం లేనిదాన్ని ఎన్ని చోట్ల చేశావు?"

"ఇది పందొమ్మిదోది."

"దాన్ని ముట్టుకోవద్దని ఆ మనిషి మూడుసార్లు చెప్పాడు కదయ్యా."

"వాడు ఫిట్టరు. బిగించి పోతాడు. సందులోంచి ఏం దిగుతుందో, ఏం దూరుతుందో ముప్ఫై నాలుగేళ్లు చూసిందెవరు? రాత్రిళ్లు నాకు నిద్ర పట్టట్లేదు వదినా. మూత కింద ఖాళీ ఉందని నాకు తెలుసు కదా."

"బట్ట కుట్టేటప్పుడు కూడా ఒంటికి అంటుకునేట్టు కుట్టం. కూర్చోవాలి, వంగాలి, ఊపిరి తీసుకోవాలి. కాస్త వదులు పెడతాం. పెట్టకపోతే కూర్చోగానే పిగులుతుంది. ఇదీ అంతేనేమో."

"కంచె కూర్చుంటుందా వదినా?"

నేను తడి దుప్పటి దులిపి తీగ మీద వేశాను.

"వంగుతుందా? ఊపిరి తీసుకుంటుందా?" రేకుతో లప్పం నున్నగా లాగాడు. "కుట్టుపని సంగతి మీరు చెప్పండి, నేను వింటా. ఇది పెద్ద పని. చదువుకున్నవాళ్లకే సగం అర్థం కాదు."

గెలిచాడు. మిగతా మూడూ కూడా పూడ్చి, మూతలు మళ్లీ తొడిగి, చెయ్యి కడుక్కుని టీ తాగాడు. నేను మా చెల్లెలికి చెప్పలేదు. మొగుడూ పెళ్లాల మధ్య చాడీలు మోసే అలవాటు నాకు లేదు. పైగా చలికాలం ఎన్నాళ్లుంటుంది, ఎండే వచ్చి చెబుతుందిలే అనుకున్నాను.

ఈలోపు ఆ పని అక్కర్లేని కంచెకి అతను చేసిన పని నేను ఏ నౌకరీలోనూ చూడలేదు. పొద్దున్నే తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. పిట్ట రెట్ట వేస్తే సబ్బునీళ్లు. పిల్లల బంతి తగిలితే ఆ మరకను నాలుగు వైపుల నుంచీ చూసి, గోరుతో గీకి, నిట్టూర్చి, మళ్లీ తడిగుడ్డ. ఎవరైనా కంచె మీద చెయ్యి ఆనించి మాట్లాడితే, వాళ్ల మాట వినడు, చెయ్యి ఎప్పుడు తీస్తారా అని చూస్తుంటాడు. తీయగానే తుడుస్తాడు. ఎదురింటి రిటైరైన కండక్టరు రోజూ పాల ప్యాకెట్టు పట్టుకుని పోతూ, అతను గుడ్డతో కనపడగానే ఆగేవాడు.

"మేస్త్రిగారూ, ఇంకా ఆరలేదా?"

"ఇది రంగు కాదండీ, ఆరడానికి. మెయింటెనెన్స్ లేని కంచె."

"అదే చూస్తున్నా. పొద్దుటి నుంచీ."

ముప్ఫై ఆరు డబ్బాలూ నా పెరట్లోకి వచ్చాయి. కంచె పక్కన పెడితే మట్టి చిమ్ముతుందన్నాడు. మా చెల్లెలు నర్సరీ నుంచి రాగానే కొత్త ఇంట్లోకి పోకముందు నా పెరట్లోకి వచ్చి వాటికి నీళ్లు పోసేది. వేళ్లు డబ్బాల అడుగు చిల్లుల్లోంచి బయటికొచ్చి, తెల్లగా, దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. ఒకరోజు వాటిని చూసి అంది.

"ఇంకో ఎండాకాలం డబ్బాల్లో ఉంటే బతకవక్కా. ఈ వానలకి నేలలో పడాలి."

"మరి మీ ఆయనతో చెప్పు."

"చెప్పకూడదుగా. పందెం." అని నవ్వింది, పళ్ల మధ్య సందు కనపడేట్టు.

ఎండలు ముదిరాయి. మొదట మా ఇంటి వైపు మూడో పట్టీ కాస్త పొట్ట ముందుకు పెట్టినట్టు కనపడింది. మర్నాటికి నాలుగోది. వారానికల్లా వీధి వైపు కంచె మొత్తం తెల్ల చొక్కా వేసుకున్న బొజ్జ మనుషులు వరసగా నిలబడ్డట్టుంది. సాయంత్రం చల్లబడ్డాక కాస్త లోపలికి పీల్చుకునేది, మధ్యాహ్నం మళ్లీ బయటికి. కంచె ఊపిరి తీసుకుంటుందా వదినా అని అడిగిన మనిషి దాని ముందు రసమట్టం పట్టుకుని నిలబడ్డాడు. నేను నా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశాను. ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో ఆ చిక్కుడుకాయలకు తెలుసు.

మొదటి రోజు నేల కుంగిందన్నాడు. రెండో రోజు నా కుళాయి నీళ్లు వాళ్ల వైపు ఊరుతున్నాయన్నాడు. మూడో రోజు మా చెల్లెలి డబ్బాలు ఇవతల నుంచి నెడుతున్నాయన్నాడు. డబ్బాలు కంచెకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

"అవి చేతులు చాపుతున్నాయా, మరిదీ?" అన్నాను.

నాలుగో రోజు పొద్దున్నే తప్పు కంపెనీదని తేలింది. నాసిరకం సరుకు అంటగట్టారు, పలకలన్నీ మార్చి కొత్తవి బిగించాల్సిందే అన్నాడు. అలా బిగిస్తే కంచె చెడినట్టు కాదట, కంపెనీవాడి బుద్ధి చెడినట్టట. మాట మాటలాగే ఉంటుంది, మొక్కలు డబ్బాల్లోనే ఉంటాయి. మా చెల్లెలు కూర తరుగుతూ అంతా విని, సరే ఫోన్ చెయ్యండి అంది.

ఫోన్ మా అందరికీ వినపడేట్టు పెట్టాడు. తను గెలవడం నలుగురూ వినాలి కదా. ఆ ఫిట్టరే ఎత్తాడు. మా మరిది అయిదు నిమిషాలు ఆపకుండా దులిపేశాడు. అచ్చం ఆ రోజు సూపరింటెండెంటుగారిలాగే, అదే స్వరం. అవతలి మనిషి అంతా విన్నాడు.

"మేస్త్రిగారూ, ఆ సరుకు ఊరికే పొట్ట వెయ్యదు. ముందు మీరేం చేశారో చెప్పండి," అన్నాడు నెమ్మదిగా.

మా మరిది ఫోన్‌ని తిరగేసి చూశాడు. ముప్ఫై ఏళ్లకి పైగా తన జేబులో పెట్టుకు తిరిగిన మాట ఎవరో ఎత్తుకుపోయి, తన మీదికే విసిరారు.

"నేనేం చేస్తానయ్యా కంచెని?" అన్నాడు. అది కూడా సూపరింటెండెంటుగారి మాటే. అతనికి గుర్తు లేదు. నాకు ఉంది.

"ఎవరైనా ఆ మూతల కింద ఏమైనా కుక్కారా? ఇంట్లో పెద్దవాళ్లో, పిల్లలో తెలియక చేసుంటే చెప్పండి. ఒక్కసారికి కంపెనీతో నేను మాట్లాడి మార్పిస్తా. నేను చెప్పింది విన్న మనిషే చేసుంటే మాత్రం గ్యారంటీ లేదు, ఏమీ లేదు. పీకి పారేసుకోవడమే. రేపు పదింటికి వస్తా, మూతలు తీసి చూస్తా."

ఫోన్ పెట్టేశాడు. కత్తిపీట మీద కూర తెగుతూనే ఉంది.

"రేపు నేను సెలవు పెడుతున్నానండీ," అంది మా చెల్లెలు, తల ఎత్తకుండా. "మూతలు తీసేటప్పుడు నేనూ చూస్తా."

అది బయటికొచ్చి, నర్సరీ నుంచి తెచ్చుకున్న చిన్న గునపం కడిగి, నా పెరటి గోడకు ఆరబెట్టి పనికి వెళ్లింది. దానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ఎవరూ చెప్పి ఉండరు. ముప్ఫై ఒక్క ఏళ్లు లప్పంతో కాపురం చేసిన ఆడదానికి ఒకరు చెప్పాలా?

ఆ సాయంత్రం ఎండ దిగేవేళ అతను నా అరుగు మీదికి వచ్చాడు. అతను నా ఇంటికి ఊరికే రాడు. వచ్చినా గుమ్మంలో పగుళ్లు చూస్తాడు. ఆ రోజు చూడలేదు. నేను దిండు గలీబుకి అంచు కుడుతున్నాను. ఎదురుగా కూర్చుని, జేబులోంచి విరిగిన కత్తి ముక్క ఒకటి తీసి నేల మీద పెట్టాడు.

"మధ్యాహ్నం నుంచీ గీకుతున్నా. అది నర్సరీకి వెళ్లి వచ్చేలోపు తీసేద్దామని. ఒక్క మూత కింద కూడా రాలేదు. ఉలి జారింది, కత్తి విరిగింది. ఇంకా గట్టిగా కొడితే స్తంభం పగులుతుంది." కత్తి ముక్కను వేలితో పక్కకు జరిపాడు. "నా లప్పం ఊడదు వదినా."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతులో బాధతో పాటు కొంచెం మురిపెం కూడా ఉంది. దాచుకుందామనుకున్నాడు, దాగలేదు.

"అయితే రేపు చెప్పేయ్. నేనే చేశానని. ఏమవుతుంది? నీ చేత్తో పీకి, దాని మొక్కలు నాటు. వానలు కూడా దగ్గరికొచ్చాయి."

"మొక్కలదేముంది వదినా, నాటొచ్చు. మొక్కల గురించి కాదు." అరచేతుల్లోకి చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకీ పోని పాత రంగులు. "ఊరందరికీ, ముందు మీరేం చేశారో చెప్పండి అన్న నోరు ఇది. ఇప్పుడు మీ చెల్లెలు వింటూ ఉండగా, ఆ ఫిట్టరు ముందు, నేనే చేశానని ఈ నోటితో ఎలా అంటాను? ఆ కండక్టరు కూడా పాల ప్యాకెట్టు పట్టుకుని సరిగ్గా పదింటికే తగలడతాడు."

సూది ఆపి అతని వంక చూశాను. జాలి కలిగింది. కలగలేదని అబద్ధమాడను. ఆ జాలి ఇంకో నిమిషం నిలిచేదే. అతనే నిలవనివ్వలేదు.

"మీరు ఒక్క సాయం చెయ్యాలి వదినా. ఆ ఫిట్టరే దారి చూపించాడు కదా. పెద్దవాళ్లు తెలియక చేసుంటే మారుస్తామన్నాడు. చీమలు దూరుతున్నాయని మీరే కుక్కానని చెప్పండి. పెద్ద వయసు, మూడో తరగతి చదువు. మీకు తెలియదంటే ఎవరైనా నమ్ముతారు, ఎవరూ ఏమీ అనరు."

నేను నోరు తెరిచేలోపు లేచాడు. రెండు మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇంకో మాట వదినా. మూత తీశాక వాడు ఆ పని చూస్తాడు. చూసి, ఇంత నున్నగా పెట్టిందెవరని తప్పకుండా అడుగుతాడు. మీకు అంత చేతకాదని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. అందుకని, అడిగినప్పుడు మాత్రం మా మరిది దగ్గర నేర్చుకున్నానని చెప్పండి."